ఇల్లు తీసుకున్నారు, రాజీ పడలేదు

పోయిన నెల ఒంగోల్లో మా పిన్ని కూతురి గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలయ్యాక మేడ మీద షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు లాక్కుని మగాళ్ళంతా చేరాం. మాటల్లో మాట శ్రీలంక మీదకి పోయింది, మా బావ ఈమధ్యే ఫ్యామిలీతో అక్కడ టూరేసొచ్చాడు లెండి, కొలంబో, కాండీ, నువర ఎలియా, చివర్లో ఒక రోజు జాఫ్నా. ఫోన్లో ఫొటోలు చూపిస్తూ అన్నాడు: "రోడ్డు చూడరా, అద్దంలా ఉంది. రైలు లైను మనోళ్ళే వేశారు. యాభై వేల ఇళ్ళు మనమే కట్టిచ్చాం. యుద్ధం అయిపోయి పదిహేనేళ్ళు దాటింది. ఇంకా ఆ తమిళ తల్లులు మాయమైన పిల్లల ఫొటోలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటే ఎట్టారా? ఇంకేం కావాలి వాళ్ళకి?"

నేను అక్కడ పని చేశానని బావకి తెలుసు. తెలిసే అన్నాడు, నన్ను కదపడానికి. నేను ఆ పూట ఏమీ అనలేదు, శుభకార్యం, పైగా నోట్లో కిళ్ళీ ఉంది. కానీ బస్సులో తిరిగొస్తూ ఉన్నంతసేపూ అదే తిరుగుతోంది బుర్రలో. అందుకే ఈ పోస్టు. బావా, పెద్దదే, తీరిగ్గా చదువు.

2013లో నేను శ్రీలంక ఉత్తరాన కిళినొచ్చి జిల్లాలో ఎనిమిది నెలలున్నా. ఓ సంస్థ తరఫున, మన ప్రభుత్వం డబ్బుతో కడుతున్న ఇళ్ళకి సైట్ సూపర్విజన్. చెన్నైలో మూడేళ్ళు పనిచేసిన తమిళం ఉంది కదా అని పంపారు, అక్కడికెళ్ళాక తెలిసింది నాది ఆటోవాళ్ళ తమిళం, వాళ్ళది పద్యంలా ఉంటుంది. 2009 మే 18, 19 తేదీల్లో ముళ్ళివాయ్కాల్ అనే ఇసక దిబ్బ మీద యుద్ధం ముగిసింది, శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) మధ్య 26 ఏళ్ళ యుద్ధం. బతికి బయటపడిన దాదాపు మూడు లక్షల మందిని తీసుకెళ్ళి వవునియా దగ్గర ముళ్ళకంచె లోపల పెట్టారు, మెనిక్ ఫార్మ్ అని. దాన్ని పూర్తిగా మూసింది 2012 సెప్టెంబరులో. అంటే నేను వెళ్ళేసరికి జనం సొంత ఊళ్ళకొచ్చి కొందరికి ఏడాది కూడా కాలేదు. తగరపు రేకులు, టార్పాలిన్లు, తాటాకు. గోడలున్న చోట పైకప్పు లేదు, పైకప్పు ఎక్కడున్నా దానికి బెజ్జాలే.

బావ చెప్పిన యాభై వేలు నిజమే. 2010లో ప్రకటించారు, 46 వేలు ఉత్తర, తూర్పు జిల్లాల్లో, 4 వేలు టీ తోటల వాళ్ళకి. ఉత్తరాన ఒక్కో ఇంటికి వాళ్ళ రూపాయల్లో ఐదున్నర లక్షలు. ఇందులో ఒక మంచి సంగతి, నిజంగా మంచిది, ఏంటంటే కాంట్రాక్టర్ని దించి కట్టించేయకుండా డబ్బు నేరుగా ఇంటివాళ్ళ అకౌంట్లోనే పడేది, విడతలవారీగా, పని ఎంతవరకొచ్చిందో మాలాంటివాళ్ళం చూసి సంతకం పెట్టాక. పునాది లేస్తే ఇంత, గోడలు లేస్తే ఇంత. మేస్త్రీని వాళ్ళే పెట్టుకుంటారు, ఇటుక వాళ్ళే బేరమాడతారు. సుమారు 550 చదరపు అడుగులు, రెండు గదులు, హాలు, వంటిల్లు, మరుగుదొడ్డి. మన దగ్గర పోలవరం కాలనీల్లో అచ్చుపోసినట్టు వరసగా కట్టి తాళాలు చేతిలో పెట్టిన ఇళ్ళు చూసినవాణ్ణి, నాకు ఈ పద్ధతి చూస్తే ముచ్చటేసింది, ఇప్పటికీ అంటా, మన దేశం బయట చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

అయితే బయటినుంచి వచ్చినవాడి కన్నుకీ అక్కడ బతికేవాడి కన్నుకీ తేడా ఎక్కడుందో నాకు తెలిసొచ్చింది కూడా అక్కడే.

ఒకావిడ, యాభై దాటిన మనిషి, నన్ను తంబీ అని పిలిచేది. ఆవిడ స్థలం కాస్త పెద్దది, రోడ్డు వైపు గట్టి నేల, వెనకపక్క పాత నుయ్యి, నుయ్యి పక్కన మునగచెట్టు, యుద్ధానికి ముందున్న ఇల్లు అక్కడే ఉండేదట, ఇప్పుడు గచ్చు ముక్క ఒకటి మిగిలింది. నేను రోడ్డు వైపు ముగ్గేయిద్దాం అన్నా. ఆవిడ వద్దంది. నుయ్యి దగ్గర నేల వదులు, మరుగుదొడ్డి గొయ్యి నూతికి దూరంగా ఉండాలి, పైగా లారీ రోడ్డు దగ్గరే ఇసక దింపుతుంది, లోపలికి మోయడానికి కూలి దండగ. అన్నీ చెప్పా. ఊఁ కొట్టింది, మర్నాడు వచ్చేసరికి మళ్ళీ నుయ్యి పక్కనే మేకులు కొట్టించింది. వారం రోజులు ఇదే. నేను ఆఫీసులో "మొండిది, మాట వినదు" అని చెప్పుకున్నా కూడా. చివరికి వాళ్ళ తమ్ముడి భార్య చెప్పింది, నన్ను పక్కకి పిలిచి: వాళ్ళబ్బాయికి ఆ నుయ్యే గుర్తు సార్, వస్తే అక్కడికే వస్తాడు.

ఆ అబ్బాయిని 2009 మే 18న వట్టువాగల్ వంతెన దగ్గర ఆవిడే తన చేతులతో ఆర్మీకి అప్పగించింది. ఒక్కరోజు ఇయక్కంలో ఉన్నా సరే పేరు చెప్పి లొంగిపోండి, విచారించి పంపేస్తాం అని మైకులో చెప్పారట. ఇయక్కం అంటే ఉద్యమం, ఎల్టీటీఈని అక్కడ అలాగే అంటారు. బస్సెక్కించారు. అంతే.

నుయ్యి నుంచి పదిహేను అడుగులు జరిపి, పునాది ఇంకో అడుగున్నర లోతుకి దింపి కట్టాం. పాలు పొంగించింది, మనలాగే. మా లెక్కలో ఆ ఇల్లు పూర్తయిన ఇల్లు. ఆవిడ లెక్కలో ఆ ఇల్లు ఎదురుచూడ్డానికి కట్టుకున్న ఇల్లు. గోడలు అవే, సిమెంటు అదే.

ఇక అప్పు సంగతి. ఐదున్నర లక్షలు సరిపోయేవి కావు, జిల్లా జిల్లా అంతా ఒకేసారి ఇల్లు కట్టడం మొదలెడితే ఇసక ధర ఏమవుతుంది, మేస్త్రీ కూలి ఏమవుతుంది, ఎవరైనా ఊహించగలరు, మేం మాత్రం ఊహించలేదు. తాకట్లు పెట్టారు, వడ్డీకి తెచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మైక్రోఫైనాన్స్ వాళ్ళు గుమ్మం గుమ్మానికీ తిరిగి ఆడవాళ్ళకి అప్పులిచ్చి వారం వారం వసూళ్ళకి కూర్చోవడం, ఆత్మహత్యల దాకా పోవడం, 2018లో ప్రభుత్వమే కొంత మాఫీ చెయ్యాల్సి రావడం, ఇదంతా మన ఆంధ్రా వాళ్ళకి 2010లో చూసిన సినిమానే కాబట్టి విడమర్చి చెప్పక్కర్లేదు.

2016 ప్రాంతంలో ఇంకో పెద్ద తమాషా జరిగింది, అప్పటికి నేను తిరిగొచ్చేశా, కానీ తోటి ఇంజనీర్లు రోజూ మెసేజిలు పెట్టేవాళ్ళు. కొలంబో ప్రభుత్వం ఒక విదేశీ ఉక్కు కంపెనీతో మాట్లాడి 65 వేల రెడీమేడ్ ఇనప ఇళ్ళు తెప్పిస్తామంది. ఒక్కోటి 21 లక్షలు! బిగించడానికి ఎన్నో రోజులు పట్టదట, లోపల ఫర్నిచరూ టీవీ కూడా ఇస్తారట. జాఫ్నా దగ్గర రెండు మోడల్ ఇళ్ళు నిలబెట్టి చూపించారు. జనం చూశారు. వంటింట్లో కట్టెల పొయ్యికి చోటేది? పొగ ఎటు పోతుంది? ఏప్రిల్ ఎండకి ఇనప గోడల మధ్య ఎలా పడుకోవాలి? ఉప్పుగాలికి తుప్పు పట్టదా? రేపు కూతురి పెళ్ళయ్యాక ఇంకో గది కలపాలంటే ఏ మేస్త్రీ కలుపుతాడు? అసలు ఆ డబ్బుతో సిమెంటు ఇటుకల ఇళ్ళు రెండొస్తాయి కదా, మా ఊరి మేస్త్రీలకి నాలుగు నెలల పని దొరుకుతుంది కదా? తమిళ ఎంపీలు, అక్కడి ఆర్కిటెక్టులు, ఇంజనీరింగ్ ప్రొఫెసర్లు లెక్కలు వేసి మరీ చూపించారు. చివరికి ఆ స్కీము అటకెక్కింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ ఇనప ఇళ్ళకి దరఖాస్తులు మాత్రం వేలకి వేలు వచ్చాయి. ప్రభుత్వం దాన్నే చూపించింది, చూశారా జనానికి కావాలి అని. రేకుల కింద ఏడేళ్ళు పడుకున్నవాడు ఏ ఇల్లిస్తామన్నా పేరు రాస్తాడు. పేరు రాశాడు కాబట్టి ఇష్టపడ్డాడు అనుకోవడం, ఇల్లు తీసుకున్నాడు కాబట్టి ఇక ఏమీ అడగడు అనుకోవడం, రెండూ ఒకే తప్పు. బావ అడిగిన ప్రశ్న కూడా ఇదే కొమ్మకి కాసింది.

దీనికి నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద రుజువు లేదు: నేనక్కడ ఉండగానే 2013 సెప్టెంబరు 14న కిళినొచ్చికి రైలొచ్చింది. 1990 నుంచి ఆగిపోయిన లైను, మన వాళ్ళు మళ్ళీ వేశారు, సాక్షాత్తూ ప్రెసిడెంట్ మహింద రాజపక్స వచ్చి జెండా ఊపాడు. ఊరంతా వెళ్ళింది చూడ్డానికి, పిల్లల్ని భుజాల మీదకెత్తుకుని, నేనూ వెళ్ళా, జనం మొహాల్లో సంతోషం అబద్ధం కాదు. సరిగ్గా వారానికి, 21వ తేదీన ఉత్తర ప్రావిన్సు కౌన్సిల్ ఎన్నికలు. తమిళ కూటమికి 38లో 30 సీట్లు. రైలెక్కారు, రాజపక్స పార్టీకి ఓటు మాత్రం వెయ్యలేదు. మా ఆఫీసులో కొలంబో నుంచొచ్చిన పెద్దమనిషి ఒకాయన తెల్లబోయాడు పాపం, "ఇంత చేశాం కదా" అంటాడు. మా సైటు మేస్త్రీ నవ్వి, రైలు మా టాక్సుతో కూడా నడుస్తుంది కదా సార్ అన్నాడు.

కిళినొచ్చి మెయిన్ రోడ్డు మీద పెద్ద వాటర్ ట్యాంకు ఒకటి పక్కకి ఒరిగిపడి ఉండేది, గోపురం కూలినట్టు. పులులు వెనక్కి పోతూ పేల్చేశారు. దాన్ని తియ్యకుండా అలాగే ఉంచి చుట్టూ లాన్ వేసి, ఇంకెప్పుడూ విధ్వంసం వద్దు అనే అర్థం వచ్చే బోర్డు పెట్టి, పక్కనే బొమ్మలూ కూల్‌డ్రింకులూ అమ్మే కొట్టు. దక్షిణ శ్రీలంక నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు, సెల్ఫీలు. తెల్లవాళ్ళూ ఆగేవాళ్ళు. నేనూ దిగా ఒక ఫొటో, ఎందుకు దాచాలి. కొంచెం ముందుకెళ్తే సైన్యం కట్టిన విజయ స్మారకం, పే...ద్ద సిమెంటు దిమ్మ, దాన్ని చీల్చుకుని ఒక గుండు, పైన తామర పువ్వు. మరి ఊళ్ళోవాళ్ళ స్మారకాలేవి? పులుల సమాధుల్ని, తుయిలుమ్ ఇల్లం అంటారు, నిద్రపోయే ఇల్లు అని, బుల్డోజర్లు పెట్టి చదును చేసేశారు, కోపాయ్‌లో అయితే దాని మీదే మిలిటరీ క్యాంపు కట్టారు. ఇయక్కాన్ని తిట్టుకునే తల్లులు కూడా, బలవంతంగా మా పిల్లని లాక్కుపోయారు అని శాపనార్థాలు పెట్టే తల్లులు కూడా, ఆ సమాధి పోయినందుకు ఏడ్చారు. పిల్ల అక్కడుంది కదా. ట్యాంకు శిథిలం చూడాల్సిందే, సమాధి శిథిలం మాత్రం ఉండకూడదు అంటే, ఏ జ్ఞాపకాన్ని రిపేరు చెయ్యాలో ఏది పూడ్చాలో ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది.

బావ ఫోన్లో జాఫ్నా లైబ్రరీ ఫొటో కూడా ఉంది. తెల్లగా మెరిసిపోతూ, గుమ్మటాలతో, ముందు సరస్వతి విగ్రహం. 1981 మే 31 రాత్రి మొదలెట్టి తగలబెట్టారు దాన్ని, 97 వేల పుస్తకాలు, తాళపత్రాలతో సహా పోయాయి. తర్వాత ప్రభుత్వం అచ్చం పాతదానిలాగే కట్టించింది. అప్పుడే కొందరు ఊరివాళ్ళు అన్నారట, ఆ కాలిన గోడల్ని అలాగే ఉంచండి, కొత్తది వేరే చోట కట్టండి అని. నేను ఇంజనీర్ని కదా, మొదట విన్నప్పుడు అర్థంలేని మాట అనిపించింది, కాలిన గోడల్తో ఏం చేసుకుంటారు. ఇప్పుడు మా బావ దాని ముందు నిలబడి ఫొటో దిగి, అది కాలిందన్న సంగతే తెలియకుండా ఇంటికొచ్చాడంటే, ఆ అన్నవాళ్ళు ఎంత దూరం చూసి అన్నారో తెలుస్తోంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ ఫొటోలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు.

ఇంగ్లీషు రిపోర్టుల్లో వాళ్ళ పిల్లల్ని మిస్సింగ్ అంటారు. తెలుగు పేపర్లో అయితే "గల్లంతు", ఏదో కృష్ణలో స్నానానికి దిగినట్టు. వాళ్ళు మాత్రం కాణామల్ పోనవర్‌గళ్ అననివ్వరు, అంటే తప్పిపోయినవాళ్ళు అన్నమాట, దిద్దుతారు మనల్ని: కాణామల్ ఆక్కప్పట్టోర్. కనపడకుండా చెయ్యబడినవాళ్ళు. తప్పిపోలేదు తంబీ, నేను అప్పజెప్పా, వాళ్ళు తీసుకున్నారు. వ్యాకరణం క్లాసులో కర్మణి ప్రయోగం ఎందుకురా బాబూ అనుకునేవాణ్ణి, దాని అవసరం ఇదీ.

2017 ఫిబ్రవరి 20న కిళినొచ్చి కందస్వామి కోవెల ముందు కూర్చున్నారు. 2018లో సొంత ఖర్చుతో ఓసారి వెళ్ళా, పాత సైట్లు చూద్దామని. తగరపు షెడ్డు, వరసగా ఫొటోలు, ఎండకి కొన్ని నీలంగా తిరిగిపోయాయి, స్టూడియోలో ప్యాంటేసుకుని నిలబడ్డ కుర్రాళ్ళు, పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించిన మొగుళ్ళు. మా నుయ్యి ఆవిడ అక్కడే ఉంది, వంతులవారీగా కూర్చుంటారట, ఆవిడది వారానికి రెండు రోజులు. నాకు టీ తెప్పించింది. ఇల్లు ఎలా ఉందమ్మా అన్నా. బాగుంది, వెనక గోడ కాస్త బీటిచ్చింది అంది (నుయ్యి వైపు గోడ, నేను చెప్పానా లేదా అని నోటిదాకా వచ్చి ఆగింది).

వాళ్ళకి అప్పటినుంచి ఒక్కొక్కరు ఒక్కోటి ఇవ్వజూపుతూనే ఉన్నారు. 2018లో ఆచూకీ ఆఫీసు ఒకటి పెట్టారు. 2020 జనవరిలో అప్పటి ప్రెసిడెంట్ గోటబయ రాజపక్స ఐక్యరాజ్యసమితి ప్రతినిధితో, ఆ కనపడనివాళ్ళంతా నిజానికి చనిపోయారు, డెత్ సర్టిఫికెట్లు ఇస్తాం అన్నాడు. చనిపోయారని ఆయనకెలా తెలుసు? తెలిస్తే ఎలా పోయారో కూడా తెలియాలి కదా? 2022లో కుటుంబానికి లక్ష రూపాయలన్నారు. తల్లులు వద్దన్నారు. బయటివాళ్ళకి ఇది మంకుపట్టులా ఉంటుంది, ముసలివయసులో ఆ లక్ష వస్తే మందులకైనా అక్కరకొస్తుంది కదా అని. తీసుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళనీ నేను తప్పు పట్టను. కానీ ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే కొడుకుని తనే చంపుకున్నట్టు అనుకునే తల్లికి లక్షయినా కోటైనా ఒకటే. కూర్చున్నవాళ్ళలో ఇప్పటికే వందమందికి పైగా కన్నుమూశారు, వాళ్ళ ఫొటోలు కూడా ఆ వరసలోకి చేరాయి.

"ఎవరో వెనకనుంచి ఆడిస్తున్నారు" అనే మాట బావే కాదు, కొలంబోలో మంత్రులూ అంటారు. విదేశీ జోక్యం. దీని గురించి రెండు సంగతులు చెప్పుకోవాలి.

ఒకటి. 1990 సెప్టెంబరులో ఒక యువ ఎంపీ కొలంబో ఎయిర్‌పోర్టులో జెనీవా విమానం ఎక్కబోతుంటే పోలీసులు ఆపి, బ్యాగులోంచి 500కు పైగా పత్రాలు, మాయమైనవాళ్ళ ఫొటోలు లాక్కున్నారు. ఆ మాయమైనవాళ్ళు సింహళ కుర్రాళ్ళు. 1987–89లో జేవీపీ అనే వామపక్ష పార్టీ తిరుగుబాటు అణిచేటప్పుడు దక్షిణాదిన వేలమందిని ఎత్తుకెళ్ళి చంపారు, వాళ్ళ తల్లులూ ఇలాగే ఫొటోలు పట్టుకుని రోడ్డెక్కారు. వాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకోవడానికి బయల్దేరిన ఆ ఎంపీ పేరు మహింద రాజపక్స. అవును, ఆయనే. అప్పుడు జెనీవా ఆయనకి దిక్కు, 2009 తర్వాత అదే జెనీవా కుట్ర.

రెండు. విదేశీయుల్ని నమ్మి వాళ్ళేమీ సుఖపడలేదు, ఆ సంగతి వాళ్ళకే బాగా తెలుసు. 2008 సెప్టెంబరులో ప్రభుత్వం పొమ్మంటే ఐక్యరాజ్యసమితి సిబ్బంది కిళినొచ్చి ఖాళీ చేసి పోయారు. జనం వాళ్ళ గేటు ముందు కూర్చుని వెళ్ళొద్దని వేడుకున్నారు, మీరుంటే మా మీద బాంబులు పడవు అని. తెల్ల జీపులు వెళ్ళిపోయాయి. తర్వాత వాళ్ళ సొంత నిపుణుల ప్యానెలే 2011లో రాసింది, చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని. ఇంకో ఏడాదికి వాళ్ళ అంతర్గత సమీక్షే ఒప్పుకుంది మేం ఫెయిలయ్యాం అని. నేనున్నప్పుడు అవే రకం తెల్ల జీపుల్లో వచ్చి, హోటల్ హాల్లో సమోసాలు పెట్టి, తమిళుల్నీ సింహళుల్నీ గుండ్రంగా కూర్చోబెట్టి సయోధ్య వర్క్‌షాపులు నడిపేవాళ్ళు. ఒకదానికి నేనూ వెళ్ళా, అవతలివాళ్ళలో మీకు నచ్చిన గుణం కాగితం మీద రాయండి అన్నారు. నా పక్కనాయన చాలాసేపు ఆలోచించి "క్రికెట్" అని రాశాడు.

అంతా తెలిసీ ఆ తల్లులు ధర్నాలో అమెరికా జెండా, యూరోపియన్ యూనియన్ జెండా పట్టుకుంటారు. నాకు మొదట చిరాకేసింది, ఇంత అనుభవమయ్యాక కూడానా అని. ఒక పెద్దాయన అన్నాడు, ఊళ్ళో పెద్దమనుషులు నీ కేసు వినకపోతే పక్కూరు పోవా? పక్కూరోళ్ళు దేవుళ్ళని పోతావా? 2010లో శ్రీలంక ప్రభుత్వం తనే వేసుకున్న సొంత కమిషన్ కూడా ఈ మాయమైనవాళ్ళ సంగతి తేల్చండి అనే చెప్పింది మరి. తేల్చారా? 2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి తీర్మానానికి మేమూ ఒప్పుకుంటున్నాం అని, 2020లో మేం తప్పుకుంటున్నాం అన్నారు. లోకల్‌గా తేల్చుకుంటాం, బయటివాళ్ళు వద్దు అనే మాట వినడానికి బాగుంటుంది. లోకల్ అంటే ఎవరన్నదే పేచీ. వన్ని (కిళినొచ్చి చుట్టుపక్కల ప్రాంతం) అడవిలో ఉన్న ఆ తల్లికి కొలంబో కూడా జెనీవా అంత దూరమే, భాష కూడా వేరే.

అలాగని లోకల్ అంటే ఒకటే గొంతు అనుకున్నా పొరపాటే. 1990 అక్టోబరులో ఇదే ఇయక్కం ఉత్తరాది ముస్లిముల్ని, సుమారు 75 వేలమందిని, తరిమేసింది. జాఫ్నాలో అయితే రెండు గంటలు టైమిచ్చారు, డబ్బూ నగలూ వదిలి పొమ్మన్నారు. వాళ్ళలో చాలామంది ఇప్పటికీ పడమటి తీరంలో పుత్తళం వైపే, పిల్లలు అక్కడే పుట్టి అక్కడే పెళ్ళిళ్ళయ్యాయి. తిరిగొచ్చినవాళ్ళని మా లిస్టుల్లో ఎక్కించాలంటే నానా తంటా, నువ్వు యుద్ధమప్పుడు ఇక్కడ లేవు కదా అంటారు ఆఫీసులో. లేకపోవడానికి కారణమే యుద్ధం! సింహళం, తమిళం అని రెండు కుర్చీలు వేసి సయోధ్య జరిపేవాళ్ళకి మూడోవాడు తలుపు దగ్గర నిలబడ్డ సంగతి కనపడదు. అటు దక్షిణాదిన, పొలం లేక సైన్యంలో చేరి చచ్చిపోయిన కుర్రాడి తల్లి ఉంది, ఆవిడకి స్మారకం మీద పేరుంది, అంతే తేడా.

ఇక కెనడాలో, లండన్లో ఉన్నవాళ్ళు. 2025 మేలో కెనడాలోని బ్రాంప్టన్‌లో తమిళ జాతి హత్య స్మారకం తెరిచారు. ఊళ్ళో ఉన్న కుర్రాళ్ళు కొందరు దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, ఇంకొందరు మాకు ఉద్యోగాలిప్పించండి ముందు అన్నారు. 2024 నవంబరు ఎన్నికల్లో జాఫ్నా జిల్లాలో ఆరు సీట్లలో మూడు, ఒకప్పటి ఆ జేవీపీ నడిపే కూటమికే వేశారు జనం. టొరంటోలో కొందరు తలలు పట్టుకున్నారు, కొలంబోలో కొందరు సమస్య తీరిపోయింది అన్నారు. 2013లో రైలొచ్చినా ఓటెయ్యనప్పుడు ఎంత తప్పుగా చదివారో ఇప్పుడూ అంతే. పాత నాయకులు విసిగించారు, కొత్తవాణ్ణి చూద్దాం అనుకున్నారు. కాణామల్ ఆక్కప్పట్టోర్ షెడ్డు లేచిపోలేదు. 2025లో జాఫ్నా పక్కన చెమ్మణి శ్మశానంలో తవ్వితే 200కు పైగా ఎముకల గూళ్ళు బయటపడ్డాయి, వాటి మధ్య ఒక చిన్నపిల్లల స్కూలు బ్యాగు. ఇంకేం కావాలి అంటే, బావా, ఇది కావాలి. ఆ బ్యాగు ఎవరిదో చెప్పాలి.

మన సంగతి కూడా చెప్పుకోవాలి కదా. మా ఊరి పక్క ఊళ్ళో ఒక రిటైర్డ్ జవాను ఉన్నాడు, 1987లో శాంతిసేనలో జాఫ్నా వెళ్ళొచ్చాడు. దాదాపు 1,200 మంది మనవాళ్ళు అక్కడ పోయారు, వాళ్ళలో ఆయన మిత్రుడూ ఉన్నాడు, ఆ పేరెత్తితే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. పలాలీలో వాళ్ళ స్మారకం ఉంది, శుభ్రంగా చూసుకుంటారు, మన పెద్దలెళ్తే పూలు పెడతారు. జాఫ్నా ఆసుపత్రిలో ఇంకో గోడ ఉంది, డాక్టర్లు, నర్సుల ఫొటోలు. 1987 అక్టోబరు 21న, దీపావళి రోజు, మన సైన్యం ఆసుపత్రిలోకి వచ్చి కాల్చినప్పుడు పోయినవాళ్ళు, సిబ్బంది 21 మంది, రోగులతో కలిపి దాదాపు 70. నేను ఇండియన్ అని తెలిసి కూడా ఆ గోడ చూపించినాయన కాఫీ ఇప్పించాడు. ఏమీ అడగలేదు, క్షమాపణ కూడా. నాకే ఏం మాట్లాడాలో తెలీక ఆ కాఫీ కాలుతున్నా తాగేశా. యాభై వేల ఇళ్ళ లెక్క చెప్పేటప్పుడు ఈ లెక్క మనం చెప్పం. వాళ్ళు రెండూ గుర్తుపెట్టుకున్నారు, ఇళ్ళకి నిజంగానే దండం పెడతారు కూడా.

తమిళంలో సయోధ్యకి నల్లిణక్కం అంటారు. ఎనిమిది నెలల్లో ఆ మాట బ్యానర్ల మీద తప్ప ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మన సయోధ్యా అంతే, పేపర్లో మాట. మన ఇళ్ళల్లో ఉన్న మాట రాజీ. రాజీ ఎక్కడ జరుగుద్ది? పోలీస్ స్టేషన్లో, పెద్దమనిషి అరుగు మీద, పొలం గట్టు తగాదాలో. రాజీ చేయించారు అంటే ఎవరు తగ్గారో వెంటనే తెలిసిపోతుంది, బలం లేనివాడే కదా. అందుకే ఇల్లిచ్చి, రోడ్డేసి, ఇక రాజీ పడండి అంటే వాళ్ళు మాట్లాడరు, ఇల్లు తీసుకుంటారు, రోడ్డు మీద నడుస్తారు, సాయంత్రం షెడ్డుకెళ్ళి కూర్చుంటారు. ఈ మూడూ ఒకే మనిషి చెయ్యగలడని మనకి తట్టదు.

బ్యానర్ లేకుండా ఒకటి జరిగింది. 2022లో పెట్రోలు, గ్యాస్ లేక కొలంబో జనం గోటబయని దిగిపొమ్మని సముద్రం ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో టెంట్లేసినప్పుడు, మే 18న అక్కడ ముళ్ళివాయ్కాల్ దినం చేశారు, సింహళ కుర్రాళ్ళూ బౌద్ధ భిక్షువులూ కలిసి. గంజి పంచారు. బియ్యం, నీళ్ళు, ఉప్పు, అంతే ఉంటుంది అందులో, చివరి రోజుల్లో బంకర్లలో అదే తాగి బతికారని ఏటా ఆ రోజు అదే తాగుతారు. గుంపు చిన్నదే. ఉత్తరాదివాళ్ళు కూడా పొంగిపోలేదు, పెట్రోలు అయిపోతే గానీ మేం గుర్తురాలేదా అన్నారు. అన్నా, ఆ గంజి తాగారు చూడండి, దాని ముందు ఆ సమోసా వర్క్‌షాపులు దిగదుడుపే అంటా నేను. రెండేళ్ళ తర్వాత, 2024 మేలో, తూర్పున సంపూర్‌లో అదే గంజి కాచినందుకు ఆడవాళ్ళని రాత్రిపూట పోలీసులు పట్టుకెళ్ళారు. గంజి కాచినందుకు!

చివరిగా ఒకటి ఒప్పుకోవాలి, ఇది బావ కోసం కాదు.

ఇల్లు పూర్తయ్యాక ఇంటివాళ్ళతో ఒక ఫారం నింపించేవాళ్ళం, సంతృప్తిగా ఉన్నారా అని. నుయ్యి ఆవిడ టిక్కు పెట్టింది. తర్వాత ఒక ఫొటో తియ్యాలి, లబ్ధిదారు ఇంటి ముందు నవ్వుతూ. ఆవిడ బయటికి రానంది, హాల్లో తియ్యమంది. గోడ వెంట నిలబడింది, కొత్త చీర, నవ్వింది కూడా. తలకి పక్కన మేకుకి కొడుకు ఫొటో తగిలించి ఉంది, పదో క్లాసు యూనిఫాంలో, దండ లేకుండా. దండ వెయ్యలేదు ఆవిడ. ఆఫీసు నుంచి మెయిలొచ్చింది, రిపోర్టు కవరుకి ఈ ఫొటో బాగుంటుంది, కానీ వెనక ఫ్రేము ఉండకూడదు, చూసేవాళ్ళకి కన్ఫ్యూజన్ అని. లాప్‌టాప్‌లో క్రాప్ చేసింది నేనే. పది సెకన్లు పట్టి ఉంటుంది. రిపోర్టు కవరు మీద ఆవిడ ఒక్కతే ఉంటుంది, తెల్లగోడ, నవ్వు.

ఒరిజినల్ నా పాత హార్డ్ డిస్క్‌లో ఉంది. సంక్రాంతికి వస్తావుగా బావా, చూపిస్తా.